పాటలో మాట చోటు: ఎడ్ షీరన్ ఆల్బమ్‌లు, పాలమూరు కిన్నెరకథ – ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

గిటారు మీద పాడే కథాగేయాన్నీ, హిప్‌హాప్ నుండి వచ్చిన ర్యాప్‌నూ ఒకే ఆల్బమ్‌లో నడిపిన గాయక రచయితగా ఎడ్ షీరన్ ప్రసిద్ధుడు. పాడటం, చెప్పడం అనే ఈ రెండు పద్ధతుల కలయిక దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతపు పాటకు పాత విషయమే. పాట మాటగా మారేచోట ఎవరి పేరు వినిపిస్తుందన్న ప్రశ్నను ఆధారంగా చేసుకొని షీరన్ ఆల్బమ్‌లను పాలమూరు కిన్నెరకథతోనూ, గోరటి వెంకన్న పాటతోనూ పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ర్యాప్ నడకను ఛందోదృష్టితో పరిశీలించడం, 2021లో కిన్నెర సినిమా పాటలోకి ప్రవేశించిన తీరును చర్చించడం ఇందులో భాగం.

కీలకపదాలు: కథాగేయం, ర్యాప్, కిన్నెర, మధురగతి రగడ, పండుగ సాయన్న, గోరటి వెంకన్న, ఎడ్ షీరన్.

1. ప్రవేశిక

2025 ఫిబ్రవరి 2న ఇంగ్లండుకు చెందిన గాయక రచయిత ఎడ్ షీరన్ హైదరాబాదు శివారులోని రామోజీ ఫిల్మ్ సిటీలో కచేరీ చేశాడు. విజయవాడ జాతీయ రహదారి మీద ఆ వేదికను దాటి ముందుకు వస్తే చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి. అక్కడ మలుపు తిరిగితే నల్లగొండ. ఆ కచేరీకి మా విద్యార్థులలో వెళ్లగలిగినవారు లేరు గాని, ఆ పాటలను ఫోనులో విననివారు కూడా లేరు. ఆ వారమే ద్విపద, రగడ లక్షణాలు చెబుతున్న తరగతిలో ఒక విద్యార్థిని బెంచీ అంచున వేళ్లతో దరువు వేస్తూ ఏదో ర్యాప్ చరణాన్ని లోగొంతుకతో పలుకుతూ కనిపించింది. మందలించబోయి ఆగిపోయాను. నల్లబల్ల మీద నేను రాసిన రగడ పాదానికి ఆమె వేళ్లు సరిగ్గా తాళం వేస్తున్నాయి. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

ముందుగా ఒక పారిభాషిక పదాన్ని స్పష్టం చేసుకోవాలి. 'బాలడ్' అనే మాటకు తెలుగు పరిశోధనలో గాథ, గేయగాథ, కథాగేయం, వీరగాథ అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము', నాయని కృష్ణకుమారి 'తెలుగు జానపద గేయగాథలు', తంగిరాల వెంకట సుబ్బారావు 'తెలుగు వీరగాథా కవిత్వం' ఈ అధ్యయనానికి పునాదులు వేశాయి. ఆంగ్ల జానపదంలోనూ బాలడ్ అంటే కథ చెప్పే పాటే. నేటి పాప్ సంగీతంలో మాత్రం ఆ మాటకు అర్థం జారింది. తక్కువ వాద్యాలతో, విలంబగతిలో, ప్రేమనో విషాదాన్నో పాడే పాట ఏదైనా అక్కడ బాలడ్ అనిపించుకుంటుంది. కథ ఉండాలన్న నియమం లేదు. షీరన్ పాటల్లో ఈ రెండర్థాలూ కలిసిపోయి ఉంటాయి. ఇక ర్యాప్ అంటే, ఎన్ని నిర్వచనాలు చెప్పినా, లయ తప్పకుండా మాట చెప్పడం.

కాబట్టి కథాగేయమూ ర్యాపూ కలిశాయి అన్నప్పుడు మనం నిజానికి చూస్తున్నది పాడటానికీ చెప్పడానికీ మధ్య జరిగే రాకపోకలను. ఈ రాకపోకలు తెలుగువారికి కొత్తవి కావు. యక్షగానంలో దరువు పక్కన సంధివచనం ఉంది. బుర్రకథలో కథకుడు పాడి ఆపిన చోట వంతలు మాటతో అందుకుంటారు. గొల్లసుద్దులలో సంభాషణే లయగా నడుస్తుంది. కొత్తదనం కలయికలో లేదు. పాట వేగం పెరిగి మాటగా మారే క్షణంలో గాయకుడు ఎవరి తరఫున మాట్లాడుతున్నాడు, ఎవరి పేరు చెబుతున్నాడు అన్నదే పరిశీలించవలసిన అంశం. ఈ ప్రశ్నను అడిగితే పాప్ ఆల్బమ్‌నూ కిన్నెరకథనూ ఒకే కొలతతో చూడటం సాధ్యమవుతుంది. రెంటిలో ఏది గొప్పది అన్న చర్చ అవసరం లేకుండా పోతుంది.

2. షీరన్ ఆల్బమ్‌లు: రాగం ఇతరులకు, మాట తనకు

1991లో పుట్టిన షీరన్ సఫోక్ ప్రాంతంలోని ఫ్రామ్‌లింగ్‌హమ్ అనే చిన్న పట్టణంలో పెరిగాడు. 2011 జనవరిలో సొంతంగా విడుదల చేసుకొన్న 'నంబర్ 5 కొలాబరేషన్స్ ప్రాజెక్ట్'లో వైలీ, జేఎంఈ, డెవ్లిన్, గెట్స్ మొదలైన గ్రైమ్ కళాకారులతో కలిసి పాడాడు. గ్రైమ్ అనేది 2000 తరువాతి సంవత్సరాలలో తూర్పు లండన్ వాడల్లో ప్రధానంగా నల్లజాతి యువకులు రూపొందించిన సంగీతం. నిమిషానికి సుమారు 140 దెబ్బల వేగంతో నడుస్తుంది. అంటే ఒక పల్లెపట్టణపు గిటారు గాయకుడు నగరపు వాడల మాటతీరును నేర్చుకొని, నేర్పినవారి పేర్లను రికార్డు మీదే అచ్చువేసి లోకంలోకి వచ్చాడు. ఈ విషయం తరువాత అవసరమవుతుంది.

అదే సంవత్సరం సెప్టెంబరులో 'ప్లస్' వచ్చింది. అందులోని 'ది ఎ టీమ్' మత్తుకు బానిసై వీధిపాలైన ఒక స్త్రీ గురించిన పాట. గిటారు మీద, మెత్తని గొంతుతో, పూర్తిగా రాగంలో సాగుతుంది. అదే ఆల్బమ్‌లోని 'యు నీడ్ మీ, ఐ డోంట్ నీడ్ యు' దాదాపు ఆసాంతం ర్యాప్. సంగీత వ్యాపారులు తనను మార్చాలని చూసినా తాను మారలేదన్న ధీమా అందులో వస్తువు. 2014 నాటి 'మల్టిప్లై'లోనూ ఇదే విభజన ఉంది. 2017 నాటి 'డివైడ్' మొదటి పాట 'ఎరేజర్' ర్యాప్‌తో మొదలై గాయకుని ఎదుగుదలను, దానితో వచ్చిన అలసటను చెబుతుంది. అదే ఆల్బమ్‌లో తన తాత, అవ్వల పెళ్లికథను చెప్పే 'నాన్సీ మలిగన్' ఐరిష్ జానపద నాట్యపు నడకలో పాడిన అచ్చమైన కథాగేయం. ఇందులో ర్యాప్ లేదు.

ఈ క్రమాన్ని గమనిస్తే ఒక అలవాటు బయటపడుతుంది. ఇతరుల కథ చెప్పవలసి వచ్చినప్పుడు షీరన్ పాడతాడు. తన గురించి చెప్పుకోవలసి వచ్చినప్పుడు మాటలోకి దిగుతాడు. రాగం సానుభూతికి, మాట స్వీయసమర్థనకు ఉపకరణాలయ్యాయి. హిప్‌హాప్‌లో స్వీయప్రకటన ప్రధానధర్మం కనుక దీనిని తప్పు పట్టనవసరం లేదు. అయితే న్యూయార్కులోని బ్రాంక్స్ వాడలో 1970లలో ఆ కళ పుట్టినప్పుడు 'నేను' అన్న మాట వెనుక ఒక వీధి, ఒక జాతి అనుభవం నిలబడి ఉండేవి. షీరన్ 'నేను' వెనుక ఎక్కువగా ఒక వృత్తిజీవితం మాత్రమే కనిపిస్తుంది. నా దృష్టిలో ఆయన ర్యాప్ కన్నా ఆయన గాథలు మెరుగైనవి కావడానికి కారణం ఇదే.

దీనికి ఒక మినహాయింపు ఉంది. షీరన్ తొలినాళ్లలో గుర్తింపు పొందిన వేదికలలో ఎస్‌బీటీవీ ఒకటి. గ్రైమ్ కళాకారులకు అండగా నిలిచిన ఆ ఛానల్ స్థాపకుడు జమాల్ ఎడ్వర్డ్స్ 2022 ఫిబ్రవరిలో చిన్నవయసులోనే మరణించాడు. ఆ దుఃఖం నీడలో వచ్చిన 2023 నాటి 'సబ్‌ట్రాక్ట్' ఆల్బమ్‌లో రాగమే ఆధిపత్యం వహిస్తుంది. కాని అదే సంవత్సరం జనవరిలో, ఆల్బమ్‌కు వెలుపల, ఎస్‌బీటీవీ వేదిక మీదే 'ఎఫ్64' అనే ర్యాప్‌ను మిత్రుని స్మృతిగా వెలువరించాడు. అక్కడ మాట మొదటిసారిగా పూర్తిస్థాయిలో ఇంకొకరి పేరును మోసింది. మెరుగులు తక్కువే, కాని ఆయన ర్యాప్‌లలో నాకు ఎక్కువ నిజంగా వినిపించేది అదే. చనిపోయినవాణ్ణి పేరుపెట్టి తలచుకోవడం వీరగాథకు మూలప్రయోజనం కదా.

3. పదహారు మాత్రలు

ఇక తరగతిగదిలో విన్న దరువు విషయం. ర్యాప్‌లో కొలతకు ప్రమాణం నాలుగు దెబ్బల ఆవర్తం. ఒక్కొక్క దెబ్బను నాలుగు భాగాలు చేస్తే ఆవర్తానికి పదహారు చిన్న కాలాంశాలు వస్తాయి. మన మధురగతి రగడలో పాదానికి నాలుగు చతుర్మాత్రా గణాలు, అంటే పదహారు మాత్రలు. మూడవ గణాద్యక్షరం యతిస్థానం, అంటే సరిగ్గా ఆవర్తం నడుమ. రెండేసి పాదాలకు ప్రాస, అంత్యప్రాస పాటించడం రగడ సంప్రదాయం. ర్యాప్ కూడా జంట పాదాలను అంత్యప్రాసతోనే కట్టుతుంది. ఈ పోలికను బట్టి ర్యాప్ మన దగ్గర నుండి పోయిందని వాదించడం హాస్యాస్పదం. రెండు వేర్వేరు సమాజాలు వేగంగా చెప్పే మాటకు నాలుగు నాలుగుల చట్రాన్ని అనువుగా భావించాయి, అంతే.

పోలికకన్నా భేదం ఆసక్తికరమైనది. ఆంగ్ల ర్యాప్‌లో నడకను నిర్ణయించేది ఊనిక. తెలుగులో అక్షరం గురువా లఘువా అన్నది. ఆంగ్ల కవి ఊనిక పడే అక్షరాన్ని దెబ్బ మీదికి తెచ్చి, మిగిలిన అక్షరాలను సందుల్లో ఇరికించవచ్చు. తెలుగులో దీర్ఘాన్ని ఇరికిస్తే మాట మారిపోతుంది, లేదా పరాయి యాసలా వినిపిస్తుంది. మన సినిమాల్లో వచ్చిన తొలినాటి ర్యాప్ చాలావరకు కృతకంగా వినిపించడానికి ఇదొక కారణం. శిష్టభాషలోని క్రియారూపాలను ఆంగ్ల ఊనికతో పలికించబోయారు.

హైదరాబాదు కళాకారులు, రోల్ రైడా వంటివారు, తెలంగాణ మాటను ర్యాప్‌కు వాడటం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. దీనిని ప్రాంతాభిమానంగా మాత్రమే చూస్తే ఛందోరహస్యం తెలియదు. 'వచ్చినాడు' అనే రూపానికి ఆరు మాత్రలు; 'వచ్చిండు'కు ఐదు. 'వస్తున్నాడు'కు ఏడు, 'వస్తున్నడు'కు ఆరు. 'పోతున్నారు'కు ఏడు, 'పోతుండ్రు'కు ఐదు. మాట చిక్కబడింది. అంతకన్నా ముఖ్యంగా, ఐదు మాత్రల మాటలు నాలుగు మాత్రల గణం మీదుగా దూకి తరువాతి గణంలోకి చొరబడతాయి. గణవిరామం ఒకచోట, పదవిరామం మరొకచోట పడి ఎదురునడక పుడుతుంది. ర్యాప్‌లో 'ఫ్లో' అని మెచ్చుకొనేది చాలావరకు దీనినే. లాక్షణికులు పదమూ గణమూ కలిసి ముగిస్తే సొగసని భావించారు. వాడుకభాష, వేగం కలిసినచోట ఆ సొగసు మందకొడితనంగా మారుతుంది.

అంత్యప్రాస విషయంలో మాత్రం తెలుగు ర్యాప్ ఇంకా ఇబ్బందిలోనే ఉంది. మన క్రియలన్నీ ఒకే ప్రత్యయాలతో ముగుస్తాయి కనుక 'చేస్తడు, చూస్తడు, పోతడు' అనగానే అంత్యప్రాస దానంతటదే కుదురుతుంది. ఉచితంగా దొరికేదానికి విలువ తక్కువ. అందుకే మన ఛందస్సు ద్వితీయాక్షర ప్రాసను కోరింది. మన ర్యాపర్లు ఈ చవకదనం నుండి తప్పించుకోవడానికి పాదాంతంలో ఆంగ్లపదం పెడుతున్నారు. ఆదిప్రాసను ప్రయత్నించి చూసినవారు అరుదు.

4. కిన్నెర చెప్పే పేరు

పాలమూరు ప్రాంతంలో కిన్నెరకథకు నేడు అందరికీ తెలిసిన ప్రతినిధి దర్శనం మొగులయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. 2022లో పద్మశ్రీ పొందారు. ఆయన వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురుబొంగు దండి, దానికి కింద కట్టిన ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు, పైన అలంకారంగా నెమలీకలు. శాస్త్రీయ వీణకు పూర్వరూపమా కాదా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. గమనించవలసినది ఒకే మనిషి శ్రుతినీ, స్వరాన్నీ, లయనూ, కథనూ నిర్వహించడం.

ఇక్కడ షీరన్‌తో పోలిక సహజంగానే తోస్తుంది. షీరన్ కచేరీలో వాద్యబృందానికి బదులు లూప్ పరికరం ఉంటుంది. గిటారు మీద ఒక దరువును అప్పటికప్పుడు రికార్డు చేసి, దానిని తిరిగి తిరిగి మోగనిచ్చి, దాని మీద మరొక పొరను, దాని మీద గొంతును పేర్చుకుంటూ పోతాడు. ఒంటరి మనిషి మూకను సృష్టించుకొనే ఉపాయం ఇది. అయితే లూప్ ఒకసారి మొదలయ్యాక అదే కొలతతో తిరుగుతుంది. గాయకుడు దానికి లోబడాలి. కిన్నెరలో పల్లవి తీగ కథకు లోబడుతుంది. వినేవారు కంటతడి పెడితే ఇంకొక చుట్టు తిరుగుతుంది, పిల్లలు అల్లరి చేస్తే తొందరపడుతుంది. చెప్పే భాగం ఎంతసేపన్నది ముందుగా తెలియదు. రికార్డు చేసిన మూడు నిమిషాల కిన్నెరపాటలో మొదట నష్టపోయేది ఈ సాగుదల.

కిన్నెర డక్కలి కళాకారుల కులవృత్తితో ముడిపడిన వాద్యం. డక్కలివారు మాదిగలకు ఆశ్రితులు. జాంబపురాణం చెప్పడం, దాతల గోత్రాలను, వంశక్రమాలను పేరుపేరునా చెప్పి త్యాగం పుచ్చుకోవడం వారి సంప్రదాయవృత్తి. లిఖితచరిత్రలో చోటు దొరకని కుటుంబాలకు వీరి నాలుకే వంశావళి. పేరు చెప్పడమనే పని ఈ కళకు అలంకారం కాదు, జీవనాధారం. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు ఇటువంటి ఆశ్రితకులాల వాద్యాలను వెదకి నమోదు చేయకపోతే, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వీటిని గుర్తించడానికి మరికొంతకాలం పట్టేది.

పండుగ సాయన్న కథ ఈ కిన్నెర మీదే బతికింది. నిజాం పాలనాకాలంలో కలిగినవారి గాదెలు కొల్లగొట్టి ఆకలిగొన్నవారికి పంచిన వీరునిగా పాలమూరు జనం సాయన్నను తలచుకుంటారు. అధికారానికి అతడు బందిపోటు. గాథలో అతడు పేదల పండుగ. ఈ కథను కిన్నెర మీద విన్నప్పుడు దుఃఖం పాటగా, సాక్ష్యం మాటగా విడిపోవడం తెలుస్తుంది. తల్లి బాధ, ఊరి బాధ రాగంలో వస్తాయి. ఎక్కడ తిరిగాడు, ఎవరిని ఎదిరించాడు, ఎవరికి పెట్టాడు అన్న వివరాలు మాటలో వస్తాయి. మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు నేలబారుగా దిగి, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు వేగంగా దొర్లుతాయి. షీరన్ వద్ద మాట 'నేను' అంటుంది. ఇక్కడ మాట 'వాడు' అంటుంది. గాయకుని పేరు కథలో ఎక్కడా రాదు.

5. సినిమాలోకి వచ్చిన కిన్నెర

2021 సెప్టెంబరు 2న 'భీమ్లా నాయక్' చిత్రంలోని శీర్షికాగీతం విడుదలైంది. సంగీతం తమన్, రచన రామజోగయ్య శాస్త్రి. పాట మొదట్లో కొద్దిసేపు మొగులయ్య కిన్నెరతో వినిపిస్తారు, కనిపిస్తారు. అనంతరం ఆధునిక వాద్యాల హోరులో కథానాయకుని గుణగానం సాగుతుంది. రాత్రికిరాత్రి కిన్నెర తెలుగునేలంతటా తెలిసింది. ఈ మేలును తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు.

అయితే ఆ ప్రవేశభాగంలో మొగులయ్య చేత చెప్పించినది ఏమిటి? కథానాయకుడు ఎక్కడ పుట్టాడు, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఎవరు అన్న వంశక్రమం. ఈ ఎంపికలో రచయిత చూపిన తెలివిని మెచ్చుకోవాలి. కిన్నెర చేయవలసిన పనినే కిన్నెరకు అప్పగించారు. కాని ఆ వంశం కల్పితమైనది. తరతరాలుగా నిజమైన మనుషుల తాతముత్తాతలను గుర్తుంచుకొన్న నాలుక, ఒక తారకు సరిపడేట్లు రాసిన తాతను పరిచయం చేసి తప్పుకొంది. సాయన్న పేరు ఆ పాటలో లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఆక్షేపణ పాట మీద కాదు. పాట విన్న కోట్లమందికి కిన్నెర నాదం తెలిసి, కిన్నెర మోస్తున్న కథ ఒక్కటీ తెలియకపోవడం మీద.

మూలచిత్రంతో పోల్చితే ఇది మరింత స్పష్టమవుతుంది. 'భీమ్లా నాయక్'కు ఆధారమైన మలయాళ చిత్రం 'అయ్యప్పనుం కోషియుం' (2020)లో అట్టప్పాడికి చెందిన ఇరుళ గాయని నంచియమ్మ తన భాషలో, తన మాటలతో పాడారు. ఆ పాటకు ఆమెకు జాతీయ ఉత్తమ నేపథ్యగాయని పురస్కారం లభించింది. అక్కడ గొంతూ మాటా ఒకే మనిషివి. తెలుగులో గొంతు మొగులయ్యది, మాట సినీకవిది. మలయాళ శ్రోతలో ఎక్కువమందికి ఇరుళభాష అర్థం కాలేదు. అయినా పాట నిలిచింది. పాలమూరు మాట తెలుగువారికి అర్థం కాకపోయే ప్రమాదమే లేదు. సాయన్న కథలోని నాలుగు పాదాలను యథాతథంగా తీసుకొనే ధైర్యం మన చిత్రసీమకు ఎందుకు కలగలేదో ఆలోచించవలసి ఉంది. 2024లో మొగులయ్య ఉపాధి కోసం కూలిపని చేస్తున్నారన్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. వంశం చెప్పించుకొన్నవారు త్యాగం ఇవ్వడం సంప్రదాయం. అది ఒక్కనాటితో తీరేది కాదు, ఏటేటా ఇచ్చేది.

6. గోరటి వెంకన్న: నేను లేని మాట

గాయక రచయిత అన్న పేరు ఆంగ్ల పాప్ సంగీతం నుండి వచ్చినా, మెట్టప్రాంతంలో ఆ పేరుకు పూర్తిగా తగినవారు గోరటి వెంకన్న. నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి మండలం గౌరారంలో 1963లో జన్మించారు. 'కుబుసం' (2002) చిత్రంతో నలుమూలలా వినిపించిన 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట నిర్మాణాన్ని చూస్తే అది ఒక జాబితా. కుమ్మరి, కమ్మరి, సాలె, వడ్రంగి వృత్తుల పనిముట్లు, ఊరి తావులు ఒకదాని తరువాత ఒకటి పేరుపేరునా వస్తాయి. ప్రతి పేరూ ఒక లోటు. పల్లవి శోకరాగం, చరణం లెక్కల చిట్టా. వెంకన్న చరణంలో గతిని మార్చకుండా మాటల సాంద్రతను పెంచుతారు. పాడుతూ పాడుతూ ఆపి, మాటలో వివరణ చెప్పి, మళ్లీ అందుకుంటారు. ఆ వివరణ కూడా దరువు తప్పదు.

హిప్‌హాప్‌కు మరింత దగ్గరగా వచ్చేది 'గల్లీ సిన్నది'. ఇది నగరపు బస్తీపాట. పొట్టచేత పట్టుకొని వచ్చినవారి ఇరుకు గదులు, వారి పనులు, వారి పండుగలు అందులో వస్తువు. 'పాలమూరు లేబరు' అన్న పేరుతో దేశమంతటా ఆనకట్టలు, కాలువలు కట్టిన జిల్లాకు వలస కొత్త వస్తువు కాదు. బ్రాంక్స్ వాడనూ తూర్పు లండన్ వాడనూ మాటలో పెట్టిన యువకులకు, ఈ గల్లీని మాటలో పెట్టిన వెంకన్నకు మధ్య చుట్టరికం ఉంది. ఒక్క తేడా: అక్కడ గల్లీ గాయకుని ఘనతకు నేపథ్యం, ఇక్కడ గాయకుడు గల్లీ వెనుక నిలబడతాడు.

'వల్లంకి తాళం' కవితాసంపుటికి వెంకన్నకు 2021 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. పాటకు దక్కిన ఈ గౌరవం సంతోషకరమే. అయినా ఒక సందేహం ఉంది. ప్రకృతిని వర్ణించే ఆయన ఇటీవలి పాటలలో పేర్లు దట్టమైన కొద్దీ కథ పలచబడింది. పిట్టలు, చెట్లు, వాగులు అందంగా వరుసకడతాయి గాని, 'పల్లె కన్నీరు'లో ప్రతి పేరు వెనుక ఉన్న నష్టం వీటిలో ఎల్లవేళలా వినిపించదు. పేరు చెప్పడం ఒక్కటే చాలదు. పేరు ఎందుకు చెబుతున్నామన్నది కూడా వినపడాలి.

7. ఎవరి పాట?

నల్లగొండ విషయానికి వస్తే సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను తెలంగాణ సాయుధపోరాటానికి ఆయుధాలుగా మార్చిన చరిత్ర సుప్రసిద్ధం. పశువులు, గొర్రెలు కాచేవారి సుద్దులలో ఒకరు చెబుతుంటే తోడివారు అడ్డుతగిలి ప్రశ్నిస్తారు. హనుమంతు ఆ ప్రశ్నించే గొంతును దొరకు ఎదురుగా నిలబెట్టారు. ఆయన కుమారుడు సుద్దాల అశోక్‌తేజ 2021లో 'లవ్‌స్టోరీ' చిత్రానికి జానపదగీతం ఆధారంగా 'సారంగదరియా' రాసినప్పుడు, అదే పాటను అంతకుముందు టీవీ వేదిక మీద పాడిన గాయని తన ప్రస్తావన లేదని బాధపడటం, చర్చ జరగడం మనకు తెలిసినదే.

ఇంచుమించు అదే కాలంలో షీరన్ కూడా న్యాయస్థానాల్లో ఉన్నాడు. 'షేప్ ఆఫ్ యు' విషయంలో 2022 ఏప్రిల్‌లో లండన్ న్యాయస్థానం, 'థింకింగ్ అవుట్ లౌడ్' విషయంలో 2023 మేలో న్యూయార్క్ జ్యూరీ అతనికి అనుకూలంగా తేల్చాయి. పాప్ సంగీతానికి మూలాధారమైన స్వరమేళనాలు అందరి సొత్తు అన్నది రెండవ కేసులో అతని వాదనసారం. ఈ వాదన మనకు కూడా ఇష్టంగానే ఉంటుంది, ఎందుకంటే జానపదం అందరిదీ అని మనమూ అంటూ ఉంటాం. కాని రెండు మాటల బరువు ఒకటి కాదు. స్వరమేళనాలకు వంశం లేదు. సాయన్న కథకు ఉంది. దానిని దాచిన కులం ఉంది, వాయించిన చేతులు ఉన్నాయి, ఊళ్లు ఉన్నాయి. 'నంబర్ 5' రికార్డు మీద వైలీ పేరు, గెట్స్ పేరు అచ్చుపడ్డట్లుగా మన జానపదసేకరణల అట్టల మీద పాడినవారి పేర్లు ఎన్ని పడ్డాయి? సేకర్త పేరు ఉంటుంది, పీఠిక రాసినవారి పేరు ఉంటుంది.

మన సేకరణ పద్ధతిలోనే మరొక లోటు ఉంది. గాథను కాగితం మీదికి ఎత్తి రాసేటప్పుడు పాడిన పాదాలను పాదాలుగా రాసి, చెప్పిన భాగాన్ని 'వచనం' అని ఒక్క మాటతో గుర్తించి కుదించడం అలవాటు. పైన చూసినట్లు, సాక్ష్యమంతా ఉన్నది ఆ వచనంలోనే. ఏ మాట ఏ దెబ్బ మీద పడింది, ఎక్కడ ఊపిరి తీసుకొన్నారు, ఎక్కడ తీగ ఒంటరిగా మోగింది అన్నవి గుర్తించే లేఖనపద్ధతి మనకు ఇంకా ఏర్పడలేదు. ర్యాప్ రాసుకొనే పిల్లల నోటుపుస్తకాలు చూస్తే దెబ్బ పడేచోట గీత, ఊపిరికి చుక్క కనిపిస్తాయి. ఎవరూ నేర్పకుండా వారికై వారు కల్పించుకొన్న ఆ గుర్తులు కిన్నెరవచనాన్ని రాయడానికి పనికివస్తాయా అని ప్రస్తుతం మా విద్యార్థులతో పరీక్షించి చూస్తున్నాను.

ర్యాప్ చరణం పలికిన విద్యార్థినిని మధురగతిలో సొంతంగా ఏదైనా రాసుకొని రమ్మన్నాను. ఆమె తాత మట్టిపనికి వలసపోయిన మనిషి. రాసుకొచ్చిన కాగితంలో మొదటి పాదం రెండే పేర్లు: నాగార్జునసాగర్, శ్రీశైలం. నల్లబల్ల మీద రాసి గురులఘువులు గుర్తించాం. పది మాత్రలు, ఆరు మాత్రలు, మొత్తం పదహారు. మూడవ గణం మొదటి పేరు చివరలో మొదలై రెండవ పేరులోకి దూకింది. యతి కుదరలేదు. దిద్దమని చెప్పలేదు.